బుంగపిట్ట లెక్క

పైపుల మావయ్య చూపించిన కుర్చీలో ఆ వీధిలో ఎవరూ ఠక్కున కూర్చోరు. ముందు చేత్తో తడిమి, ఓసారి అటూ ఇటూ ఊపి చూసి, అప్పుడు కూర్చుంటారు. ఆయన అందించిన టీ వాసన చూడకుండా తాగరు. కుళాయిలు బాగుచేయడంలో ఆయన చేతికి తిరుగులేదు. కానీ బాగుచేసిన కుళాయిని మొదటిసారి తిప్పేటప్పుడు మాత్రం ఇంటివాళ్లు రెండడుగులు వెనక్కి జరిగి, గరిటె కాడతో తిప్పుతారు. ఒకసారి టైలరమ్మ వంటింట్లో కుళాయి తిప్పితే స్నానాలగదిలో షవరు వచ్చింది. దాని కింద ఆవిడ మొగుడున్నాడు, ఆఫీసు బట్టల్లో, తల దువ్వుకుంటూ.

చదువు ఏడో తరగతిలో ఆగిపోయిందేమని ఎవరైనా అడిగితే, "ఆగలేదు, నేనే దిగిపోయా. బండి మరీ నెమ్మదిగా పోతోందని" అంటాడు. యాభై ఆరేళ్లొచ్చినా అదే వాటం.

అలాంటి మావయ్య ఆ సోమవారం వార్డు ఆఫీసు గోడకి అంటించిన కాగితం ముందు నిలబడి, పెదాలు కదుపుతూ మూడుసార్లు చదివాడు.

"చిత్తడిలో బుంగపిట్టల సంఖ్య మూడేళ్లుగా పెరుగుతూ ఆరుకు చేరినందున, వాటికి సగం జమ్ము సరిపోవునని నిర్ణయించడమైనది. కాలువ వెడల్పు పని నిమిత్తం మిగతా సగం పది రోజుల్లో తొలగించబడును. అభ్యంతరాలున్నవారు గురువారం సభకు రావలెను."

ఆ ఆరు బుంగపిట్టలూ మావయ్యే.

బుంగపిట్ట అనేది వీధివాళ్లు పెట్టుకున్న పేరు. వీధి చివర పాత పంపుహౌసు దాటితే చిత్తడి నేల, అందులో మనిషెత్తు మించిన జమ్ము గడ్డి. ఆ జమ్ములో ఎక్కడో ఉంటుందా పిట్ట. చూడ్డానికి కొంగకి చెల్లెల్లా ఉంటుంది, ఎండుటాకు రంగు. మనిషి అలికిడైతే ముక్కు ఆకాశానికెత్తి కదలకుండా నిలబడిపోతుంది. ఎదురుగానే ఉన్నా అదీ ఓ జమ్మాకే అనుకుని వచ్చేస్తాం. అందుకని దాన్ని చూసి లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. విని లెక్కపెట్టాలి. గూళ్లు కట్టుకునే రోజుల్లో తెల్లవారుతుండగా మగపిట్ట కూస్తుంది. ఖాళీ బుంగ మూతికి పెదాలానించి ఊదితే ఎలా ఉంటుందో అలా, బూ...మ్మని. గాలి కలిసొస్తే మైలు దూరం వినపడుతుంది.

ఆ లెక్క మొదలుపెట్టింది మావయ్య అక్క. ముప్పై నాలుగేళ్లు ఆస్పత్రి వార్డుల్లో పనిచేసి వచ్చిన మనిషి. వీధికి నర్సమ్మ. నాడి చూసేందుకు వాడిన వాచీతోనే కూతలకి టైము చూస్తుంది. గూళ్ల కాలంలో మూడు పొద్దులు, చిత్తడి చుట్టూ ఆరు చోట్ల, చోటికి ఇద్దరు చొప్పున జనాన్ని కూర్చోబెడుతుంది. చీకటి విడుస్తుండగా మొదలు, ఫ్యాక్టరీ సైరను మోగేదాకా. ఏ దిక్కునుంచి ఎన్ని గొంతులు వినపడ్డాయో నోటుబుక్కులో ఎక్కిస్తుంది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఒక రూలు కూడా పెట్టించింది: పిట్టలు ఉండీ మూడుకన్నా తగ్గితే, గూళ్ల కాలం గడిచేదాకా జమ్ము మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

రెండేళ్ల కిందట మొదటి రెండు పొద్దులూ ఒక్క కూతా వినపడలేదు. రెండో రోజు అక్క ఇంటికొచ్చి చెప్పులు విడిచిన తీరు మావయ్య చూశాడు. వార్డులో ఎవరైనా కన్నుమూసిన రోజున డ్యూటీ నుంచి వచ్చి అలాగే విడిచేది, ఒకదాని పక్కన ఒకటి, చప్పుడు కాకుండా.

మూడో పొద్దున ఆయన వాల్వు తిప్పడానికి పంపుహౌసుకి వెళ్లాడు. రోజూ ఆ వేళకి అది ఆయన పనే, అందుకే లెక్కలో కూర్చునేవాడు కాదు. గోడకి ఆనించి మూడడుగుల పైపు ముక్క ఉంది, నాలుగంగుళాలది. చెయ్యి ఊరుకుంటేనా? దాని మూతికి పెదాలానించి జమ్ము వైపు ఊదాడు.

దూరంగా చెక్కవంతెన మీద అక్క చెయ్యి గాల్లోకి లేచింది. పక్కనున్న బావని "ష్ష్" అంది. బావ అసలు మాట్లాడ్డంలేదు.

టీ దగ్గర చెప్పి అందర్నీ నవ్వించాలనే అనుకున్నాడు. తీరా వెళ్లేసరికి అక్క వాకిట్లో వీధంతా పోగై ఉంది. అక్క ముఖం చూసి ఎన్నేళ్లయిందో అలా. "ఒరేయ్, ఉందిరా! పోలేదురా!" అని వీపు మీద ఒక్క చరుపు చరిచింది. గొంతుదాకా వచ్చిన మాట ఆ చరుపుకి మళ్లీ కడుపులోకి జారిపోయింది. గట్టు అవతల కూర్చున్నవాళ్లు "మా వైపు వినపడలేదే" అని మూతి ముడుచుకుంటే, అక్క వాళ్లకోసం ఇంకో పొద్దు లెక్క పెట్టింది. పాపం వాళ్లకీ లోటెందుకని ఆ పొద్దున సైకిలేసుకుని వెళ్లి అటూ ఒకటి ఊదాడు. ఆ ఏడు లెక్క రెండు. మరుసటి ఏడు ఐదు. ఈ ఏడు ఆరు చోట్లా ఆరు. పెట్టే చెయ్యి కదా, ఎవర్నీ చిన్నబుచ్చలేదు.

కాగితం చదివిన సాయంత్రం అక్క ఇంట్లో సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు మావయ్య. బావ టార్చి పట్టుకుని పక్కన గొంతుక్కూర్చున్నాడు. బావ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇప్పటికీ కూర్చుంటే ఒక కాలు బ్రేకు మీద ఉన్నట్టే ఉంటుంది.

"బావా, ఆ ఆరూ నేనే."

"ఏ ఆరు?"

"బుంగపిట్టలు."

బావ టార్చి ఆయన ముఖం మీదికి తిప్పాడు. "సరే, ఏడోది నేను. వాషరు బిగించు."

"నిజం బావా. పైపుతో ఊదాను."

"నీ నిజాలు నాకు తెలీనివా? నా సీటు కింద రబ్బరు పాము పడేసి, 'నిజం పామే బావా, కదిలావంటే అయిపోయావు' అన్నావు. నలభై మంది పాసింజర్లు దిగి చుట్టూ నిలబడి చూస్తుంటే, అరగంట స్టీరింగు పట్టుకుని బొమ్మలా కూర్చున్నా. అందులో ఒకావిడ నాకోసం ఏడ్చింది కూడా."

మావయ్య వాషరు బిగించి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నాడు. బావ లేచి, రెండడుగులు వెనక్కి జరిగి, గరిటె కాడతో కుళాయి తిప్పాడు. కాసేపు ఎదురుచూశాడు. గోడల వంకా, పైకప్పు వంకా చూశాడు. మామూలు నీళ్లు మామూలుగా వచ్చాయి.

అప్పుడు బావ టార్చి ఆర్పి బావమరిది కళ్లలోకి చూశాడు.

"ఒరేయ్... నిజమా?"

మావయ్య తలూపాడు.

"మీ అక్కకి తెలుసా?"

"తెలిస్తే నేనిక్కడ ఉంటానా? నువ్వే ఓ మాట చెప్పరాదూ బావా. మెల్లిగా."

"ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. నా బస్సు తగిలితే నేనే కిందికి దిగాను, కండక్టర్ని దింపలేదు. నువ్వే దిగు."

దిగడం అంత తేలిక్కాలేదు. చెప్పకపోతే సగం జమ్ము పోతుంది. చెప్పాక తీరా ఒక్క పిట్టా లేదని తేలితే, కాపాడ్డానికి ఏమీ లేదని మొత్తం తీసేస్తారు. మంగళవారం చెబుదామని వెళ్లి అక్క పెరట్లో పైపు అతికించి వచ్చాడు. బుధవారం వెళ్తే అక్క మూడు నోటుబుక్కులూ ముందేసుకుని, సభలో చూపించడానికి కూతల టైములన్నీ గుండ్రటి అక్షరాలతో ఒక పెద్ద కాగితం మీద ఎక్కిస్తోంది. "రా కూర్చో. ఈ ఐదో చోటుది చూడరా, మూడు పొద్దులూ సరిగ్గా ఒకే టైముకి కూసింది. ఎంత క్రమశిక్షణో పిట్టకి" అంది. పంపుహౌసులో వాల్వు తిప్పే టైమది. మావయ్య కూర్చోకుండానే వచ్చేశాడు.

గురువారం వార్డు ఆఫీసు హాలు నిండిపోయింది. పైన ఫ్యాను మెడ విరిగినట్టు ఊగుతోంది. బల్ల వెనక కాలువల ఇంజనీరమ్మ, ఎదురుగా గుడ్డసంచీలో నోటుబుక్కులతో అక్క.

"అమ్మా, మీ పుస్తకమే చెబుతోంది కదా" అంది ఇంజనీరమ్మ మర్యాదగానే. "రెండు, ఐదు, ఆరు. ఇంత బాగా పెరుగుతున్నవాటికి సగం చాలదా? ఒకటో రెండో అయితే నేనే పని ఆపించేదాన్ని. మీరు పెట్టించిన రూలేగా."

"పెరిగాయంటే ఆ జమ్ముంది కాబట్టి పెరిగాయి. పేషెంటు కోలుకున్నాడని మంచం లాగేస్తారా?"

జనం చప్పట్లు కొట్టారు. ఇంజనీరమ్మ కూడా కాస్త నవ్వింది గానీ కాగితాలు సర్దుకోవడం ఆపలేదు. మావయ్య వెనక వరసలోంచి లేచాడు.

"ఆ ఆరూ పిట్టలు కావండీ. నేను."

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. "కూర్చో మావయ్యా. ముందు ఆ కుర్చీ కింద ఏం పెట్టొచ్చావో చెప్పు!" అని టైలరమ్మ కేకేసింది. అక్క వెనక్కి తిరిగి, "ఒరేయ్, ఇవాళొద్దురా. ఇవాళ ఒక్కరోజు ఊరుకో" అంది, చిన్నప్పుడు స్కూలుకి వెళ్లేముందు చెప్పినట్టే.

మావయ్య బయటికి వెళ్లాడు. సైకిలుకి కట్టిన పైపు ముక్క విప్పుకొచ్చి, హాలు మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని ఊదాడు.

బూ...మ్.

కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి. మావయ్య కళ్లు తెరిచేసరికి అక్క ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది, చూపు వాచీ మీద ఉంది. అలవాటు. ఆ కూతకి మూడేళ్లుగా ఆ చెయ్యి అలాగే లేస్తోంది. లేచిన చెయ్యిని తనే చూసుకుని, మెల్లగా ఒళ్లోకి దించుకుంది.



"ఎక్కడెక్కడ?" అంది అక్క.

చెప్పాడు. పంపుహౌసు వెనక, గట్టు మలుపు, పాత తూము, ఇలా ఆరు చోట్లూ. ఏ ఏడు ఎన్నో కూడా. అక్క సంచీలోంచి నోటుబుక్కులు తీసి బల్ల మీద పరిచింది. ఆస్పత్రి పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు, చించకూడదు. కింద ఏముందో చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, తప్పు చేసినవాళ్లు పక్కన సంతకం పెట్టాలి. స్కేలు పెట్టి మొదటి పేజీలో గీత గీసింది. పెన్ను ఆయన వైపు జరిపింది.

"ఇక్కడ పెట్టండి."

మావయ్యకి చెంప పగిలినట్టయింది. తనని ఎత్తుకుని పెంచిన చెయ్యి అది. యాభై ఆరేళ్లలో "ఒరేయ్" తప్ప ఇంకో పిలుపు ఎరగడు ఆ నోట. సంతకం పెట్టాడు. "ఇక్కడ కూడా పెట్టండి." పేజీ తిప్పింది. "ఇక్కడ." పదమూడు గీతలు, పదమూడు సంతకాలు. ఏడో తరగతిదాకా చదివిన చెయ్యి, చివరికొచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"మగపిట్ట ఎందుకు కూస్తుందో తెలుసా మీకు?" అంది అక్క పెన్ను మూత పెడుతూ. గొంతు పెంచలేదు. "ఇది నా చోటు, ఇంకెవరూ ఇటు రావద్దని. రెండేళ్ల కిందట ఒకటో రెండో ఉండే ఉంటాయి, ఆ ఏడు ఆలస్యంగా కూద్దామనుకుని ఉంటాయి. అన్ని దిక్కుల్నుంచీ తనకంటే పెద్ద గొంతులు వినపడితే అదేమనుకుంటుంది? ఇక్కడ నాకు చోటు లేదనుకుంటుంది. వెళ్లిపోతుంది."

మనుషుల్ని బురిడీ కొట్టిస్తున్నాననే అనుకున్నాడు మావయ్య ఇన్నాళ్లూ. పిట్ట కూడా వింటుందని ఆయనకి తోచనే లేదు.

ఇంజనీరమ్మ చాలాసేపు ఆ గీతల వంక చూసింది. "గూళ్ల కాలం ఇంకా ఉంది. శని, ఆది, సోమ, మూడు పొద్దులు మళ్లీ లెక్కపెట్టండి. రెండు వేర్వేరు చోట్ల విన్న కూతే రాయాలి. ఒకటున్నా పని ఆపుతాను. కానీ అమ్మా... సున్న అయితే, సగం కాదు, మొత్తం తీసేస్తారు. అది ఆపడం నా చేతుల్లో ఉండదు."

శుక్రవారం అక్క వాకిట్లో చోట్లు పంచుతుంటే మావయ్య గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అక్క ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కొక్కరూ "ఊఁ" అంటున్నారు. అందరి పేర్లూ అయిపోయాయి.

"అక్కా, నేనూ వస్తాను."

"ఆయన ఆ ఛాయలకి రాకూడదు" అంది టైలరమ్మ. ఆవిడ మూడేళ్లూ చెక్కవంతెన అవతల, రొంపిలో స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి. "వచ్చాడంటే నేను రాను. ఏది పిట్టో ఏది మావయ్యో మాకెలా తెలుస్తుంది?"

"నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. నోట్లో గుడ్డ కుక్కి" అన్నాడు బావ.

"గుడ్డ పీకేయొచ్చు" అంది టైలరమ్మ.

అక్క లోపలికి వెళ్లి మందు పోసే ప్లాస్టిక్ కప్పు ఒకటి తెచ్చింది, గీతలున్నది. దాన్ని బావ చేతిలో పెట్టింది. "ముప్పై గీత దాకా నీళ్లు. కూర్చోగానే నోట్లో పోసుకోవాలి. సైరనయ్యాక నా ముందు, అందరి ముందు, ఇందులోకి ఉమ్మాలి. వార్డులో రోజూ రాసేవాళ్లం, లోపలికెంత, బయటికెంత అని. పోసినంతా తిరిగి రావాలి. రాకపోతే ఆ చోటు లెక్క చెల్లదు." మావయ్య వైపు చూడకుండానే అంది. "ఇష్టమైతే రమ్మనండి."

నోట్లో నీళ్లతో పైపు ఊదడం ఎవడివల్లా కాదు. మాట్లాడ్డమూ కాదు. మావయ్య విషయంలో రెండోదే ఎక్కువ కష్టమని వీధంతా అనుకుంది.

శనివారం గట్టు మలుపులో బావ పక్కన, బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్నాడు. పుట్టినప్పటినుంచీ అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు. మొదట్లో దవడలు లాగాయి. తర్వాత చెవులు తెరుచుకున్నాయి. జమ్ములో ఇన్ని చప్పుళ్లున్నాయని ఆయనకి తెలీదు. ఆకుకి ఆకు రాసుకునే చప్పుడు, నీళ్లలో ఏదో మునిగి తేలే చప్పుడు, కప్పలు ఒకదాని మాట ఒకటి అందుకోవడం. బుంగపిట్ట మాత్రం లేదు. సైరను మోగింది. అందరి ముందు ఉమ్మితే ముప్పై గీత దాటి వచ్చింది. "లాలాజలం" అంది అక్క, కప్పునే చూస్తూ. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం దోమ ముక్కులోకి దూరింది. ఆపుకుని ఆపుకుని ఒక్క తుమ్ము తుమ్మితే సగం నీళ్లు బావ చొక్కా మీద, మిగతా సగం గొంతులోకి. బావ చొక్కా చూసుకుని, లేచి వెళ్లి, అక్కతో "మా చోటు ఇవాళ కొట్టేయ్" అని తనంతట తనే చెప్పాడు. ఆ రోజూ ఏ చోటా ఏమీ వినపడలేదు గనక నష్టం లేదు. కానీ అక్క ఇంటికెళ్లి చెప్పులు విడవడం మావయ్య గేటు బయటినుంచి చూశాడు. ఒకదాని పక్కన ఒకటి.

సోమవారం మంచు పట్టింది. జమ్ము మొదళ్లు కనపడుతున్నాయి, కొసలు లేవు. అవతలి రోడ్డు పక్కన జమ్ము కోసే మిషను అప్పుడే తెచ్చి నిలబెట్టారు, పసుప్పచ్చగా, టార్పాలిను కప్పి. బావ కప్పు నింపాడు. మావయ్య నోట్లో పోసుకున్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. వెలుగొచ్చింది. మంచు పల్చబడింది. బావ వాచీ చూసుకున్నాడు, సైరనుకి ఇంక పావుగంట. మావయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని జమ్మునే చూస్తున్నాడు. పైపు ఇప్పుడు అక్క ఇంట్లో అలమరాలో ఉంది, తాడుతో చీటీ కట్టి. అది చేతిలో ఉండి, ఎవరూ చూడకపోతే, అక్క కోసం ఇంకొక్కసారి ఊదేవాడేనా? ఆ ప్రశ్న వచ్చినందుకే ఆయనకి సిగ్గేసింది.

ముందు ఊపిరి వినపడింది.

ఎవరో గుక్క గుక్కగా గాలి మింగుతున్నట్టు, నాలుగైదు చిన్న చప్పుళ్లు. తర్వాత కూత. బూ...మ్.

బావ చటుక్కున తిరిగి మావయ్య బుగ్గలు రెండూ ఒక చేత్తో ఒడిసి పట్టుకున్నాడు. నిండుగా, గట్టిగా ఉన్నాయి. అయినా నమ్మలేక రెండు వేళ్లు పెదాల మీద అడ్డంగా పెట్టి నొక్కాడు. మావయ్య కదల్లేదు. కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. మళ్లీ గుక్కలు, మళ్లీ కూత, కుడివైపు జమ్ములోంచి, నూరడుగులు కూడా ఉండదు. బావ వేళ్లు ఇంకా పెదాల మీదే ఉన్నాయి.

"నువ్వు కాదు" అన్నాడు బావ గుసగుసగా. "ఒరేయ్, నువ్వు కాదురా."

మూడేళ్లు ఊదిన పైపులో ఆ గుక్కలు లేవు. అక్కణ్ణుంచీ ఇక్కణ్ణుంచీ దూరంగా విన్న కూతనే ఆయన నేర్చుకున్నాడు. ఆ కూతకి ముందు పిట్ట ఇంత గాలి పోగుచేసుకుంటుందనీ, దాని ఒళ్లంతా అందులో పెడుతుందనీ తెలియాలంటే, ఇంత దగ్గరగా ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోవాలి కాబోలు. మావయ్య విన్నాడు. ఐదు కూతలు. ఒక్కోదాని తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, ఇంకోటేదైనా జవాబిస్తుందేమోనని అది ఆగినట్టు. ఎక్కణ్ణుంచీ జవాబు రాలేదు.

సైరను మోగింది.

గట్టు మీదుగా చెక్కవంతెన దాకా అర మైలు నడక. మావయ్య నీళ్లు మింగలేదు, ఉమ్మలేదు. రాయి తగలకుండా కాళ్ల కిందే చూసుకుంటూ, బుగ్గలు పూరీల్లా ఉబ్బించుకుని నడిచాడు. వంతెన దగ్గర అప్పటికే అందరూ మూగి ఉన్నారు. టైలరమ్మ ఎదురొచ్చింది, ముఖం కందిపోయి ఉంది.

"ఐదు కూతలు విన్నా. గట్టు మలుపు వైపు. నర్సమ్మా, ఆ దొంగే అయ్యుంటాడు. నిన్నా మొన్నా లేని పిట్ట చివరి పావుగంటలో ఎలా ఊడిపడింది?"

"నా వేళ్లు వాడి మూతి మీదే ఉన్నాయి" అన్నాడు బావ.

"మీరు బావే కదా, వెనకేసుకు రారూ?"

"అమ్మా, వీణ్ణి వెనకేసుకొచ్చే బావ ఈ భూమ్మీద పుట్టలేదు."

అక్క కప్పు తీసుకుని మావయ్య ముందు పట్టుకుంది. అందరూ దగ్గరికి జరిగారు. మావయ్య వంగి, ఒక్క చుక్క పక్కకి పోకుండా, మెల్లగా కప్పులోకి వదిలాడు. అక్క దాన్ని కంటి ఎత్తుకి ఎత్తి, వెలుగు వైపు తిప్పి, ఆస్పత్రిలో చూసినట్టే చూసింది. ముప్పై గీత. దానిపైన ఇంకో రెండు గీతలు.

టైలరమ్మ కూడా వంగి చూసింది. చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, వెళ్లి తన స్టూలు మీద కూర్చుండిపోయింది.

అక్క నోటుబుక్కు తెరిచింది. గీతలు కొట్టిన పేజీలు దాటి, కొత్త పేజీలో చోట్లు రాసింది, టైము రాసింది, విన్నవాళ్ల కింద బావ పేరూ టైలరమ్మ పేరూ రాసింది. చివరి గడిలో "ఒకటి" అని రాసి, ఆ మాట వంకే చూస్తూ నిలబడింది. రెండేళ్ల కిందటిలా ఎవరూ కేకలు వేయలేదు. రోడ్డు పక్కన మిషను మీది టార్పాలిను గాలికి కొట్టుకుంటోంది. ఇవాళో రేపో దాన్ని వెనక్కి తీసుకెళ్లాలి.

"ఒక్కటే" అంది అక్క. "జత ఉందో లేదో."

"రూలుకి ఒకటి చాలుగా" అన్నాడు బావ.

"రూలుకి చాలు."

అందరూ ఒక్కొక్కరే ఇళ్లకి కదిలారు. మావయ్య మాత్రం వంతెన చివర నిలబడి ఉన్నాడు. నోరు ఖాళీ అయి పావుగంటైనా మాట రావడంలేదు. ఆఖరికి, "అక్కా, రేపు కూడా వచ్చి కూర్చోనా?" అన్నాడు.

"రేపు లెక్క లేదు."

"లెక్కకి కాదు. ఊరికే. అది కూస్తుందేమో... ఎవరో ఒకరు వినాలి కదా."

అక్క కప్పులో నీళ్లు జమ్ము మొదట్లో పారబోసింది. కొంగుతో కప్పు తుడిచింది, లోపలా బయటా. దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"రారా" అంది. "ఇది మర్చిపోకు."